పెనుకొండ గుట్ట మీద బండసందుల్లో ఉన్న ఈ ఫెర్న్‌లు ఏవి?

గుట్టదారి:
కోట మెట్ల పక్కన గ్రానైటు బండల నెర్రెల్లో రెండు రకాలు కనిపించాయి. ఒకటి జానెడు కూడా లేదు, అచ్చం బుల్లి తాటాకులా ఉంది. రెండోదానికి ఆకు అడుగంతా సున్నం పూసినట్టు తెలుపు. వేసవిలో రెండూ ముడుచుకుపోయి ఉండేవి, వానలు పడగానే విచ్చుకున్నాయి. ఒకటే మొక్క రెండు రూపాల్లో ఉందా?

సీమవాసి:
ముడుచుకుని మళ్లీ లేచిందంటే సంజీవని అన్నా. కొండ గుళ్ల దగ్గర అమ్ముతుంటారు చూడు.

ఆకుఅడుగు:
సంజీవని కాదండీ. ఎండి మళ్లీ లేవడం బండల మీద బతికే చాలా మొక్కలకు ఉన్న గుణమే, దాన్నిబట్టి పేరు చెప్పలేం. సంజీవని అని అమ్మేది సెలాజినెల్లా బ్రయోప్టెరిస్. అది అసలు ఫెర్నే కాదు. దాని ఆకులు పొలుసుల్లా సన్నగా ఉంటాయి, సిద్ధబీజాలు (ఇలాంటి మొక్కలకు విత్తనాల బదులు ఉండే పొడిలాంటి బీజాలు) కొమ్మల కొసల్లో వస్తాయి. ఫెర్న్‌లకైతే ఆకు వెనకాల చూడాలి.

మీ తాటాకు మొక్క ఆక్టినియోప్టెరిస్ రేడియేటా. ఆయుర్వేదంలో మయూరశిఖ అంటే ఎక్కువగా దీన్నే చూపిస్తారు. ఆకు రెండుగా చీలి, ఒక్కో పాయా మళ్లీ రెండుగా చీలుతూ విసనకర్రలా పరుచుకుంటుంది. ఒక పాయను వెనక్కి తిప్పి చూడండి. అంచు లోపలికి మడిచి ఉంటుంది, ఆ మడత కింద పొడవునా గోధుమరంగు గీత. అవే సిద్ధబీజాలు. తాటి మొలకేమో అన్న అనుమానం అక్కడితో తీరిపోతుంది.

తెల్లపొడిది వెండి ఫెర్న్. పాత పుస్తకాల్లో చీలాంథెస్ ఫారినోసా, ఇప్పుడు అల్యూరిటోప్టెరిస్ అంటున్నారు. ఎండకు ఆకు లోపలికి ముడుచుకుంటే ఆ తెల్లటి అడుగే బయటికి తిరుగుతుంది. చేతి మీద అద్దితే ఆకు అచ్చు తెల్లగా పడుతుంది, పిల్లలకు చూపించండి. కానీ తెల్లపొడి ఉన్న రకాలు ఇంకా ఉన్నాయి, పొడి చూసి జాతి తేల్చేయకూడదు. నల్లగా మెరిసే కాడ మొదట్లో పొలుసులుంటాయి. అవి మొత్తం ఒకే రంగా, లేక మధ్యలో ముదురై అంచు లేతగా ఉన్నాయా అన్నది చూడాలి.

గుట్టదారి:
చాలా థ్యాంక్సండీ! కింద పాత బావి గోడకు ఇంకొకటి ఉంది. సన్నటి నల్ల కాడ, అర్ధచంద్రాకారపు ఆకులు. కాడ కొస గోడకు ఆని అక్కడ ఇంకో పిల్ల మొక్క వచ్చింది.

ఆకుఅడుగు:
అర్ధచంద్రాకారపు ఆకులకు తోడు కొస కూడా వేళ్లూనిందంటే ఆడియాంటమ్ లూనులేటమ్ అనే ఫెర్న్. సిద్ధబీజాలు ఆకు వంపు అంచు మడతలో ఉంటాయి. ఇది పై రెండింటిలా ముడుచుకుని వేసవి గడపదు. ఆకులు ఎండి రాలిపోతాయి, వానలకు మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

దయచేసి దేన్నీ పీకి కుండీలో పెట్టకండి. ఆ నెర్రెలో పిడికెడు మట్టి చేరడానికే ఎన్నో ఏళ్లు పడుతుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆకు వెనకవైపు ఒక ఫొటో, కాడ మొదలు దగ్గరగా ఒక ఫొటో తీయండి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి. వెండి ఫెర్న్ ఏ జాతో అప్పుడు చూద్దాం.