ఆరో వంతు పుష్పక్: స్కేల్ పోటీకి ముందు మూడు సందేహాలు

ప్రశ్న (మారతహళ్ళి నుంచి)
అందరికీ నమస్కారం. వచ్చే నెల బెంగళూరులో మా క్లబ్బు స్నేహపూర్వక స్కేల్ పోటీ (అసలు విమానాన్ని అచ్చుగుద్దినట్టు పోలిన రేడియో కంట్రోల్ మోడళ్ళ పోటీ) ఉంది. ఆరో వంతు సైజు హెచ్‌ఏఎల్ పుష్పక్ (ఇద్దరు కూర్చునే పాత చిన్న విమానం) పెడుతున్నాను. రెక్కల పొడవు 183 సెం.మీ., వెడల్పు 24.5 సెం.మీ., బరువు 2.9 కిలోలు, 4ఎస్ (నాలుగు సెల్‌ల) బ్యాటరీ. బట్ట అంటించడం అయింది, రంగు ఇంకా వేయలేదు. జడ్జీలు 3 మీటర్ల దూరం నుంచే చూస్తారట. కాగితాలు ఏమేం పెట్టాలి? రెక్క మీద రిబ్ టేపులు (బట్ట కింది అడ్డపట్టీల, అంటే రిబ్బుల, వెంట పైన అంటించేవి) వేయాలా, వదిలేయాలా? తోక బరువుగా ఉంది, ముక్కులో సీసం ఎంత దాకా పెట్టొచ్చు?

జవాబు (యలహంక నుంచి)
కాగితాలతోనే సగం పోటీ తేలిపోతుంది అన్నా. జడ్జీకి పుష్పక్ గురించి ఎంత తెలుసన్నది లెక్కలోకి రాదు, మీరు చేతికిచ్చిన కాగితంతో మోడల్ కలుస్తుందా లేదా అన్నదే చూస్తాడు. అందుకని ముందు ఒక్క విమానాన్ని ఖాయం చేసుకోండి. ఉత్త పుష్పక్ అంటే చాలదు, ఫలానా వీటీ నంబరున్న (మన దేశపు విమాన రిజిస్ట్రేషన్ నంబరు) పుష్పక్ కావాలి. 1958లో మొదట ఎగిరిన ఈ రకం చాలా ఫ్లయింగ్ క్లబ్బులు తిరిగింది. ఒక విమానం ఫొటోలో రంగు, ఇంకో దాని ఫొటోలో గీతలు తీసుకుంటే రెండిటికీ మార్కులు పోతాయి.

త్రీ-వ్యూ డ్రాయింగ్ (ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి చూపేది) ఏ3 సైజులో ఒకటి, అదే విమానం ఫొటోలు ఐదారు, రంగు నమూనా ముక్క ఒకటి చాలు. అన్నీ ప్రింటు తీయించండి, ఎండలో ఫోన్ తెర కనబడదు. డ్రాయింగుకీ ఫొటోకీ తేడా ఉంటే ఫొటోనే నమ్మి, ఆ తేడాను డ్రాయింగు మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. మోడల్‌లో ఎక్కువగా తప్పేవి రెక్కల వాలు, చక్రాల సైజు, నేలమీద నిలబడే తీరు. ముందునుంచి ఒక్కసారి చూస్తే ఈ మూడూ పట్టుబడతాయి.

జవాబు (హోసకోటె నుంచి)
టేపులు తప్పకుండా వేయండి. బట్ట రెక్క నున్నగా ఉంటే బొమ్మలా కనిపిస్తుంది. అసలు విమానాల్లో టేపు సుమారు 5 సెం.మీ. వెడల్పు ఉంటుంది, మీకు 8 మి.మీ. దాని కింద, బట్టను రిబ్బుకి కట్టే కుట్టు ముడులు కనబడాలంటే, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌ను సిరంజీతో రిబ్బు వెంట 12 మి.మీ.కి ఒక చుక్క చొప్పున పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత పైన టేపు. ఇస్త్రీపెట్టెను టేపు అంచుల మీదే నడపాలి. చుక్కల మీదకి పోనిస్తే అవి మెత్తబడి చదునైపోతాయి, పడ్డ కష్టమంతా వృథా.

ప్రశ్న (మారతహళ్ళి నుంచి)
అసలు టేపుల అంచు రంపపు పళ్ళలా ఉంటుంది కదా. టైలర్ల జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరిస్తే?

జవాబు (హోసకోటె నుంచి)
వద్దు. అసలు టేపు పన్ను ఎంతో ఆ కత్తెర పన్నూ దాదాపు అంతే. ఆరో వంతు మోడల్ మీద అది మొసలి పన్నులా కనబడుతుంది! 3 మీటర్ల నుంచి నేరు అంచే బాగుంటుంది.

జవాబు (యలహంక నుంచి)
సీసం సంగతి. పుష్పక్‌కి ముక్కు పొట్టి. మీ సైజులో బ్యాలెన్స్ బిందువు నుంచి తోక సుమారు 70 సెం.మీ., ముక్కు 28 సెం.మీ. అంటే తోక మీద 20 గ్రాముల రంగు పడితే ముక్కులో 50 గ్రాముల సీసం కావాలి. కాబట్టి ముందు బ్యాటరీని ఫైర్‌వాల్‌కి (మోటారు వెనక గోడకి) ఆనించండి, తోకలో సర్వోలుంటే (తోక రెక్కల్ని కదిపే చిన్న మోటార్లు) క్యాబిన్‌లోకి తెచ్చి, అక్కడినుంచి తోకకి పుష్‌రాడ్ (కదిపే కడ్డీ) వేయండి. అప్పటికీ తక్కువైతేనే సీసం. రెక్క ముందు అంచు నుంచి 66 మి.మీ. దగ్గర వేలి మీద నిలబెడితే ముక్కు కొంచెం కిందికి వాలాలి. బ్యాలెన్స్ వెనక్కి ఉంటే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) మరీ చురుగ్గా పలుకుతుంది, మెల్లగా పోనిచ్చినప్పుడు ఉన్నట్టుండి పడిపోతుంది.

రెక్క టేపుల బరువు 15 గ్రాముల లోపే, అదీ బ్యాలెన్స్ దగ్గరే ఉంటుంది, దిగులు లేదు. తోకకి మాత్రం పలచటి కాగితం టేపు, రెండు పలచటి కోట్లు, అంతే. ముసురు పట్టిన రోజు లాకర్ రంగు కొట్టకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పైభాగం చల్లబడి, గాలిలో తేమ దానిమీద చేరి తెల్లగా పాలిపోతుంది. వాన ఆగని వారమైతే జేసీ రోడ్డులో కారు రంగుల దుకాణాల్లో నెమ్మదిగా ఆరే థిన్నర్ అడగండి.

జవాబు (చెన్నై, తాంబరం నుంచి)
మీరు అడగకపోయినా ఎగరడం గురించి ఒక మాట. అసలు విమానం గంటకు 135 కి.మీ. దరిదాపుల్లో పోయేది. దాన్ని 6తో భాగిస్తే వచ్చే 22తో మీ మోడల్ గాలిలో నిలవదు, 35 దగ్గరే స్టాల్ అవుతుంది (రెక్క ఎత్తే బలం పోయి పడిపోతుంది). 6 వర్గమూలంతో భాగిస్తే 55, ఆ వేగమే కంటికి నిజంగా అనిపిస్తుంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి మా ఊరికంటే ఎనిమిది శాతం పైచిలుకు పలచన. అదే మోడల్ అక్కడ నాలుగైదు శాతం ఎక్కువ వేగంతో దిగుతుంది, రన్‌వే కాస్త ఎక్కువ చూసుకోండి.

విన్యాసాల్లో రోల్, లూప్ జోలికి పోకండి, ఈ విమానానికి అవి నప్పవు. ఎనిమిది ఆకారం, దిగుతూ ఒక పూర్తి చుట్టు, టచ్ అండ్ గో (నేల తాకి మళ్ళీ లేవడం), సైడ్‌స్లిప్‌తో (పక్కకి జారుతూ ఎత్తు తగ్గించడం) ల్యాండింగ్ పెట్టుకోండి. ఫ్లాపులు (దిగేటప్పుడు కిందికి వంచే రెక్క పలకలు) లేని విమానానికి సైడ్‌స్లిప్ సహజం. రడ్డర్ (తోక నిలువు పలక) ఒకవైపు, ఐలరాన్ (రెక్క చివరి పలక) రెండోవైపు, ముక్కు మాత్రం కిందికే ఉండాలి. ముక్కు లేచిందా, వేగం చచ్చి ఒక రెక్క కూలుతుంది. ఐలరాన్ పైకి 15 మి.మీ., కిందికి 7 మి.మీ. పెట్టండి, లేకపోతే మలుపులో ముక్కు బయటికి తిరుగుతుంది.

ప్రశ్న (మారతహళ్ళి నుంచి)
చాలా థ్యాంక్స్ అన్నలూ. క్యాబిన్ ఖాళీగా ఉంది, పైలట్ బొమ్మ లేకపోతే మార్కులు పోతాయా?

జవాబు (హోసకోటె నుంచి)
పోతాయి, ఎగిరేటప్పుడు కూడా. ఆరో వంతు కాబట్టి మీ పని సులువు. బొమ్మల దుకాణంలో దొరికే 12 అంగుళాల బొమ్మ సరిగ్గా మీ స్కేలే. నడుము దగ్గర కోసేసి, కాళ్ళు పక్కన పడేసి, పాత చొక్కా గుడ్డ తొడగండి. పుష్పక్‌లో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, ఒక్కణ్ణే పెడితే ఎడమ సీట్లో పెట్టండి.