ఏడాదిపాటు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫిజీ వైపు ఒంటరిగా తిరగాలని ఉంది, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

హన్మకొండ_25:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, వయసు 25. డిగ్రీ అయ్యాక మూడేళ్లు హైదరాబాద్‌లో పనిచేసి కాస్త కూడబెట్టుకున్నాను. ఆస్ట్రేలియా ప్రభుత్వం మన దేశం నుంచి ఏడాదికి 1000 మందికి లాటరీ తీసి ఇచ్చే వర్క్ అండ్ హాలిడే వీసా ఉంది కదా, సబ్‌క్లాస్ 462, దాంట్లో నా పేరు తగిలింది. ఏడాది ఉండొచ్చు, తిరగొచ్చు, మధ్యలో పని చేసుకోవచ్చు. అంత దూరం వెళ్లాక ఆస్ట్రేలియా ఒక్కటే చూసి రావడం నాకిష్టం లేదు. న్యూజిలాండ్, ఫిజీ, సమోవా, వనువాటు కూడా తిరగాలి. చిన్నప్పుడు మా స్కూల్లో గోడకు ప్రపంచ పటం ఉండేది, కుడివైపు చివర నీలం మీద చుక్కలు చుక్కలుగా ఉండే ఆ దీవుల పేర్లు కూడబలుక్కుని చదివేవాణ్ణి, అప్పటి కోరిక ఇది.

ఇంట్లో బాపు మాట్లాడటం లేదు. ఉన్న ఉద్యోగం వదిలి ఏడాది తిరిగొస్తే మళ్లీ ఎవరిస్తారు అంటాడు, ఆయన భయంలో తప్పు లేదు. అమ్మకు సముద్రం అంటేనే టెన్షన్. నాకు ఈత వచ్చు గానీ అది మా అమ్మమ్మ ఊళ్లో వ్యవసాయ బావిలో నేర్చుకున్న ఈత.

ముందు ఎక్కడికి వెళ్లాలి, ఏ నెలలో? వీసాకు చూపించాల్సిన 5000 ఆస్ట్రేలియా డాలర్లు, అంటే సుమారు మూడు లక్షలు ఉన్నాయి, ఆపైన ఇంకో లక్షన్నర ఉంది. ఆ చిన్న దీవులకు అంత ఖర్చు పెట్టుకుని పోవడం దండగ అని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా?

ములుగు_రోడ్డు:

తమ్ముడూ, ముందు శుభాకాంక్షలు. నేను పదకొండు నెలలు తిరిగి వచ్చాను, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికతో చదువు.

నెలల సంగతి ముందు. అక్కడ డిసెంబర్, జనవరి ఎండాకాలం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా దీవుల్లో తుఫాన్లు, వానలు. కాబట్టి దసరా దాటాక ఆస్ట్రేలియాలో దిగు, ఎండాకాలంలో పని చేసుకో, ఫిబ్రవరి మార్చిలో న్యూజిలాండ్, మే నుంచి ఆగస్టు మధ్య దీవులు. ఇంకో మాట, ఈ వీసా మీద ఆస్ట్రేలియా నుంచి ఎన్నిసార్లైనా బయటికి వెళ్లి రావొచ్చు గానీ బయట ఉన్న రోజులు కూడా ఆ పన్నెండు నెలల్లోనే కలిసిపోతాయి, గడియారం ఆగదు. అందుకే దీవుల్ని చివర పెట్టుకుంటే తొందర ఉండదు.

పని. నేను ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో చెర్రీలు కోశాను. మా ఇంట్లో మిర్చి తోట ఉంది, ఏరడం నాకు కొత్త కాదు, అయినా మొదటి వారం వేళ్లు వంగలేదు. చెర్రీని కాడతో సహా తెంపాలి, మరుసటి ఏడాది పూత వచ్చే మొగ్గ పక్కనే ఉంటుంది, అది ఊడకూడదు. బకెట్ లెక్కన డబ్బులిస్తారు, కానీ 2022 ఏప్రిల్ నుంచి ఎన్ని బకెట్లు కోసినా గంటకు కనీస వేతనం తగ్గకుండా ఇవ్వాలని రూల్ వచ్చింది, ఇది గుర్తు పెట్టుకో. నాకు తెలియక ఒక కాంట్రాక్టర్ దగ్గర పేస్లిప్ లేకుండా రెండు వారాలు చేశాను, ఆ డబ్బులు పోయినట్టే. పేస్లిప్ ఇవ్వనన్నవాడి దగ్గర ఒక్క పూట కూడా చేయొద్దు, జీతాల గొడవలు చూసే ప్రభుత్వ ఆఫీసు ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దిగగానే టాక్స్ ఫైల్ నంబర్ (మన పాన్ నంబర్ లాంటిది) తీసుకో. మన వీసా వాళ్లకు మొదటి డాలర్ నుంచే 15 శాతం పన్ను. యజమాని మన పేరున కట్టే సూపర్ డబ్బులు (మన పీఎఫ్ లాంటివి) తిరిగొచ్చేటప్పుడు అడిగి తీసుకోవచ్చు గానీ అందులో 65 శాతం పన్నుకే పోతుంది, దాని మీద ఆశ పెట్టుకుని లెక్కలు వేసుకోవద్దు.

ఇప్పుడు మీ అమ్మగారి టెన్షన్. ఆమె టెన్షన్ సరైనదే. నేనూ లక్నవరంలో, బావుల్లో ఈదినవాణ్ణే. సిడ్నీకి ఉత్తరాన ఒక బీచ్‌లో అలలు పెద్దగా విరగని చోటు చూసి, ఇక్కడ నెమ్మదిగా ఉందని దిగాను. అదే తప్పు. అలలు విరగని చోట నీళ్లు లోపలికి లాగుతుంటాయి, దాన్ని రిప్ అంటారు. నడుము లోతులో ఉన్న నాకు రెండు నిమిషాల్లో ఒడ్డు ఎక్కడో దూరంగా కనిపించింది. ఒడ్డు వైపు ఎంత కొట్టుకున్నా వెనక్కే పోతున్నా. చేయి పైకెత్తాను, లైఫ్‌గార్డ్ బోర్డు మీద వచ్చి తీసుకెళ్లాడు. ఒడ్డున కూర్చోబెట్టి ఇసుకలో వేలితో గీసి చూపించాడు: ఎదురీదకు, వెల్లకిలా తేలు, చేయి ఎత్తు, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదు. ఎరుపు పసుపు జెండాల మధ్య తప్ప ఇంకెక్కడా దిగొద్దు. బావిలో నీళ్లు కదలవు తమ్ముడూ, మనకు వచ్చిన ఈత అదొక్కటే. అక్కడ బీచ్‌ల దగ్గర పెద్దవాళ్లకు కూడా ఈత క్లాసులు ఉంటాయి, వెళ్లగానే చేరు.

దీవులు దండగా అన్నావు చూడు, దానికి నా జవాబు కాదు, కాదు, కాదు. నా పదకొండు నెలల్లో రోజూ గుర్తొచ్చేది ఆ చివరి రెండు నెలలే.

సమోవాలో చెక్కతో కట్టిన రంగురంగుల బస్సులు, లోపల పాటలు మోగిపోతుంటాయి, సీట్లు నిండితే మనుషులు మనుషుల ఒళ్లో కూర్చుంటారు. నా ఒళ్లో ఒక స్కూలు పిల్లాడు కూర్చుని ఊరొచ్చేదాకా నిద్రపోయాడు. పడుకునేది ఫాలేలో, అంటే స్తంభాలూ కప్పూ తప్ప గోడలు లేని ఇల్లు, వాన వస్తే చాపలు దింపుకోవాలి. సాయంత్రం శంఖం ఊదితే ఊరంతా ప్రార్థనకు కూర్చుంటుంది, అప్పుడు దారిలో నడవకూడదు, ఎక్కడున్నావో అక్కడే ఆగిపో. ఈ దేశం 2011లో తేదీ రేఖను, అంటే పటంలో ఒక రోజు మారే గీతను దాటి అటు నుంచి ఇటు వచ్చింది, ఆ ఏడాది డిసెంబర్ 30వ తేదీ వాళ్లకు లేనే లేదు. ఆ రోజు పుట్టినరోజు ఉన్నవాళ్లు ఏం చేశారని అడిగితే నేను దిగిన ఫాలే యజమానురాలు పడీపడీ నవ్వింది.

వనువాటులో టాన్నా అని ఒక దీవి, అక్కడ యసుర్ అగ్నిపర్వతం. ఎత్తు 361 మీటర్లే, మన గుట్టల్లాగే ఉంటుంది, జీపు దాదాపు పైదాకా పోతుంది. 1774లో కెప్టెన్ కుక్ దీని వెలుగు చూసే ఆ దీవికి ఓడ తిప్పాడంటారు, ఇప్పటికీ అది ఆరలేదు. పొద్దుగూకాక అంచు మీద నిలబడ్డాం. ముందు కాళ్ల కింద నేల అదిరింది, తర్వాత శబ్దం వచ్చి ఛాతీ మీద ఎవరో అరచేత్తో చరిచినట్టయింది, ఆ తర్వాత ఎర్రటి రాళ్లు లేచి, పైన ఒక్క క్షణం ఆగినట్టు కనిపించి, మళ్లీ గుంతలోకే పడ్డాయి. కొన్ని నిమిషాలకోసారి ఇదే. రాయి నీ వైపు వస్తే వెనక్కి తిరిగి పరుగెత్తొద్దు, దాన్నే చూస్తూ పక్కకు జరుగు అని గైడ్ చెప్పాడు. ప్రమాద స్థాయి పెరిగితే ఎవర్నీ పైకి పోనివ్వరు, అప్పుడు బతిమాలొద్దు. నేను రెండు సాయంత్రాలు వెళ్లాను, డబ్బుల కోసం చూసుకోలేదు.

కరీంనగర్_అక్క:

పై తమ్ముడు బాగా రాశాడు, నేను న్యూజిలాండ్ గురించి చెప్తా. నేను 27 ఏళ్లప్పుడు ఒక్కదాన్నే ఆరు వారాలు తిరిగాను. నేను వెళ్లినప్పుడు మనవాళ్లకు అక్కడ పనిచేసే హాలిడే వీసా లేదు, విజిటర్ వీసా విడిగా తీసుకున్నాను, నువ్వూ బయల్దేరే ముందే అప్లై చెయ్యి.

బ్యాగు జాగ్రత్త. ఆస్ట్రేలియా అయినా న్యూజిలాండ్ అయినా తిండి వస్తువు ఒక్కటున్నా ఫారంలో ఉందని రాయాలి. మా అమ్మ సకినాలు, మామిడి పచ్చడి, పాలకోవా కట్టింది. నేను అన్నీ ఉన్నాయని రాశాను. ఆఫీసర్ బల్ల మీద ఒక్కొక్కటీ పెట్టి, సకినం ఒకటి వేళ్లతో తిప్పి చూసి ఇదేంటని అడిగింది, బియ్యప్పిండి నువ్వులు అన్నాను, పచ్చడి కూడా ఇచ్చేసింది, కోవా మాత్రం పాలది కాబట్టి తీసేసింది. రాయకుండా దొరికితే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. బూట్లకు మట్టి ఉన్నా ఊరుకోరు. నా బూట్ల సందుల్లో ఎర్రమట్టి ఉంటే తీసుకెళ్లి కడిగి తెచ్చి ఇచ్చారు. వాళ్ల అడవుల్లో కౌరీ అనే మహావృక్షాలు మట్టితో పాకే తెగులుకు చచ్చిపోతున్నాయి, అందుకే అడవి దారి మొదట్లో బ్రష్షులు పెట్టి ఉంటాయి, లోపలికి పోతూ వస్తూ బూట్లు రుద్దుకోవాలి. నాకు ఆ పని చాలా నచ్చింది.

టొంగారిరో అనే అగ్నిపర్వతాల మీదుగా దాటే నడక తప్పకుండా చెయ్యి, సుమారు 20 కిలోమీటర్లు, ఒక రోజు. పైన పచ్చటి చెరువులుంటాయి. ఆ శిఖరాలు అక్కడి మూలవాసులైన మావోరీలకు దేవుళ్లతో సమానం, 1887లో వాళ్ల పెద్ద తె హ్యూహ్యూ తుకినో వాటిని ప్రభుత్వానికి అప్పగించాడు, ఎవరూ ముక్కలు చేసి అమ్ముకోకుండా అందరి కోసం ఉండాలని. ఆ చెరువుల నీళ్లు ముట్టుకోవద్దని బోర్డుంటుంది. మేడారంలో గద్దెల దగ్గర ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉండు.

ఇంట్లోవాళ్ల కోసం ఒక చిన్న ఏర్పాటు: న్యూజిలాండ్ ఎండాకాలంలో మనకంటే ఏడున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు ఇక్కడ మధ్యాహ్నం రెండు. రోజూ ఆ టైముకు ఫోన్ చేస్తానని చెప్పి నిలబెట్టుకో. సిగ్నల్ ఉండని చోటుకు పోయే ముందురోజే, రేపు ఫోన్ రాదు ఎల్లుండి చేస్తా అని చెప్పు. మా నాన్న భయమంతా ఆ ఒక్క మాటతో సగం తగ్గింది.

కాజీపేట_మాష్టారు:

బిడ్డా, నేను చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఫిజీ మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు మూడు వారాలు చూశాను. ఆ దేశాన్ని బీచ్ కోసం మాత్రమే చూసి రావొద్దని నా మనవి.

1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి కూలీలతో అక్కడికి చేరింది. ఒప్పందం అంటే ఇంగ్లీషులో అగ్రిమెంట్, అది వాళ్ల నోట గిర్మిట్ అయింది, వాళ్లు గిర్మిటియాలయ్యారు. చెరకు తోటల్లో అయిదేళ్ల పని. 1916 దాకా 60 వేలకు పైగా మందిని తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాదివాళ్లు వెళ్లారు, వాళ్లలో తెలుగువాళ్లున్నారు. 1926లో దక్షిణాదివాళ్లంతా సంగం పెట్టుకుని బళ్లు కట్టారు, 1941లో తెలుగువాళ్లు తమ ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు.

నాంది ఊళ్లో (నడి అని రాస్తారు, నాంది అని పలుకుతారు) సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది, మన గోపురాల పద్ధతిలో రంగులద్దిన పెద్ద గుడి. అక్కడ మెట్ల మీద ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. తెలుగు మాట్లాడలేడు, ఫిజీ హిందీలో మాట్లాడాడు. నేను తెలుగువాణ్ణి అనగానే నా చేయి పట్టుకుని వేళ్లు మడుస్తూ ఒకటి, రెండు, మూడు అని పది దాకా లెక్కపెట్టాడు. వాళ్ల నాయనమ్మ నేర్పిందట, అంతకుమించి మిగల్లేదన్నాడు. ఏడు దగ్గర కాస్త ఆగాడు, నేను అందించబోయాను, వద్దని తల ఊపి తానే గుర్తు తెచ్చుకుని చెప్పాడు. నేను ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన గిర్మిట్ ఆ రోజు నాకు అర్థమైంది.

మీ బాపుకు ఇది చదివి వినిపించు. వయసులో ఉన్నప్పుడు చూసి వస్తానన్న పిల్లవాడు చెడిపోయినట్టు కాదు.

హన్మకొండ_25:

మాష్టారూ, అక్కా, అన్నా, ఏమని చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి ఇదంతా ఇంట్లో చదివి వినిపించాను. బాపు వేరే ఏమీ అనలేదు, ఆ పెద్దాయన ఏడు దగ్గర ఆగిన ముక్క మళ్లీ చదవమన్నాడు. పొద్దున పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగాడు.

రెండు సందేహాలు. ఫిజీకి వీసా? ఊళ్లలో ఉండాలంటే ఎలా అడగాలి?

ములుగు_రోడ్డు:

ఫిజీకి మనవాళ్లకు దిగాక ఇస్తారు, నాలుగు నెలలు, ఫీజు లేదు. తిరుగు టికెట్ చూపించాలి. వచ్చేటప్పుడు నాంది నుంచి సింగపూర్ మీదుగా తీసుకో, ఆస్ట్రేలియా మీదుగా అయితే అప్పటికి నీ వీసా అయిపోయి ఉంటే ట్రాన్సిట్ వీసా అడుగుతారు.

ఊళ్లోకి ఉత్త చేతులతో పోకూడదు. మేడారానికి బెల్లం పట్టుకుపోయినట్టే అక్కడ యంగోనా అనే మొక్క వేర్లు పట్టుకుపోవాలి, మిగతా దీవుల్లో కావా అనేది అదే. దాన్ని ఊరి పెద్ద ముందు పెట్టి నేను ఫలానా చోటి నుంచి వచ్చాను అని చెప్పాలి, దాన్ని సెవుసెవు అంటారు. టోపీ, చలువ కళ్లద్దాలు తీసెయ్, బ్యాగు భుజానికి వేసుకోవద్దు, పిల్లల తల మీద చెయ్యి పెట్టొద్దు. వేర్ల పొడిని చెక్క తొట్టిలో నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పలో ఇస్తారు. ఒకసారి చప్పట్లు కొట్టి, బులా అని, ఒక్క గుక్కలో తాగి, మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. మట్టి నీళ్ల రుచి, నాలుక మొద్దుబారుతుంది, మొహం ముడవకు. ఆ తర్వాత నువ్వు వాళ్ల ఊరి మనిషివే. చేమ ఆకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించిన కూర పెడతారు, మన తిండికి దగ్గరగా ఉంటుంది.

వేర్లు నాంది మార్కెట్లో పేపర్లో చుట్టి కట్టలుగా అమ్ముతారు, అర కిలో కట్ట అడుగు, పొడి కాదు, వేర్లే తీసుకో.