కష్టకాలంలో విద్వేషపు మాట మామూలు మాట అయిపోయేది జనం వల్లా, పెద్దమనుషుల వల్లా?

బరంపురంవాసి:
కడుపు కాలితే జనం ఎవరో ఒకరి మీద పడతారు, దీనికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. జర్మనీలో నాజీలకు 1928లో వచ్చినవి 2.6 శాతం ఓట్లు. 1929లో మార్కెట్లు కుప్పకూలి ఉద్యోగాలు పోయాక 1932 జులైకి 37.3. అంతెందుకు, 2020లో కరోనా అప్పుడు సూరత్ పవర్‌లూమ్‌ల నుంచి మా ఒడిశా గంజాం జిల్లా వాళ్లు తిరిగొస్తే సొంత ఊళ్లోనే రోగం మోసుకొచ్చారన్నట్టు చూశారు. అది ఏ పార్టీ నేర్పింది?

ధర్మాబాద్ మిర్చి:
అన్నా, అదే 1932 నవంబరు లెక్క కూడా చెప్పండి. నిరుద్యోగం తీరలేదు గానీ వాళ్ల ఓట్లు 33.1కి తగ్గాయి. తగ్గుతున్న పార్టీని 1933 జనవరిలో గద్దెనెక్కించింది ఆకలితో ఉన్నవాళ్లు కాదు, హిట్లర్ మన చెప్పుచేతల్లో ఉంటాడులే అనుకున్న మాజీ చాన్సలర్ పాపెన్, సరేనన్న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. సూరత్ వాళ్ల మీద భయం కొన్నాళ్లకే చల్లారింది, ఎందుకంటే దాని మీద బతికే నాయకుడు లేడు, రోజూ రాత్రి దాన్నే వడ్డించే చానల్ లేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో మా వీధిలో ఒకావిడ కర్బూజ బండివాడిని పేరడిగి, విని, అప్పటికే తూకం వేసిన కాయలు మళ్లీ బండిలో పెట్టేసింది. ఆవిడేమీ పస్తులు లేదు, ఢిల్లీ మర్కజ్‌లో తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మతప్రచార సంస్థ సభ వల్లే కరోనా పాకిందని టీవీలో గోల వారాల తరబడి విన్నది, అంతే. ఆగస్టులో మన బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచే తబ్లిగీ విదేశీయుల మీది కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేసినట్టుందని రాసింది. మా వాట్సాప్ గ్రూపులో ఒక్కరంటే ఒక్కరు ఆ తీర్పు ఫార్వర్డ్ చేయలేదు!

సిరొంచ:
మరి పెద్ద పార్టీలే ఆ మాట కొంచెం ఎత్తుకుంటే పోలా? డెన్మార్క్‌లో సోషల్ డెమోక్రాట్లు వలసల మీద గట్టిగా మాట్లాడారు, వలసలను వ్యతిరేకించే డేనిష్ పీపుల్స్ పార్టీ ఓట్లు 2015లో 21.1 శాతం ఉన్నవి 2019లో 8.7కి పడిపోయాయి. ముల్లును ముల్లుతోనే తీయాలి.

ధర్మాబాద్ మిర్చి:
తీశారా, లోపలే ఉంచి కట్టు కట్టారా? శరణార్థుల దగ్గర పది వేల క్రోనర్లు దాటిన డబ్బు, విలువైన వస్తువులు జప్తు చేయొచ్చని 2016లో చట్టం వస్తే ప్రతిపక్షంలో ఉన్న ఆ సోషల్ డెమోక్రాట్లే అవునని ఓటేశారు. పార్టీ పడిపోయింది, దాని మాట చట్టంలోకెక్కింది. మన సంగతి మర్చిపోయారా? ముంబయిలో 1966లో శివసేన పుట్టకముందు నుంచే బాల్ ఠాక్రే నడిపిన మార్మిక్ పత్రికలో కంపెనీల్లో పనిచేసే దక్షిణాది వాళ్ల పేర్ల జాబితాలు అచ్చేసేవాళ్లు. ఉద్యోగాలు తక్కువన్నది నిజమే, ఫలానా వాళ్లే తినేశారన్నది మాత్రం కూర్చుని తయారుచేసిన మాట.

బరంపురంవాసి:
అచ్చేశారు సరే తమ్ముడూ, డబ్బులిచ్చి కొన్నదెవరు మరి?