11 ఏళ్ల లాబ్రడార్‌కి కీళ్ల నొప్పులు: హెంప్ నూనె ఇవ్వొచ్చా?

రాయగడ_లాబ్

అందరికీ నమస్కారం. కుక్క లాబ్రడార్, మగది, 11 ఏళ్లు, 30 కిలోలు. వెనక కాళ్లు బిగుసుకుపోతున్నాయి. పొద్దున్నే రెండు మూడు సార్లు ప్రయత్నిస్తే గానీ లేవలేకపోతోంది. డాక్టరు గారు నొప్పి తగ్గించే మందు మెలాక్సికామ్ రోజుకి 3 మి.గ్రా. రాశారు. దానికి తోడుగా ఉంటుందని ఆన్‌లైన్‌లో కుక్కల హెంప్ నూనె తెప్పించాం, 30 మి.లీ. సీసా. ముందువైపు పెద్ద అక్షరాల్లో "900 మి.గ్రా.", వెనకవైపు చిన్న అక్షరాల్లో "విజయా పత్ర సారం", "పెద్ద కుక్కలకు 5 చుక్కలు, రోజుకి రెండుసార్లు" అని ఉంది. మూత ఇంకా తియ్యలేదు.

ఇది మత్తెక్కిస్తుందా? మెలాక్సికామ్‌తో కలిపి ఇవ్వొచ్చా? 5 చుక్కలు సరిపోతాయా? ఇంకొకటి: హెంప్ అంటే తెలుగులో జనపనారే కదా, సంతలో జనుము గింజలు దొరుకుతాయి, అవే నూరి అన్నంలో కలపమని ఒకరు చెప్పారు. నిజమేనా?

పశువైద్యం_గుణుపురం

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అసలు ప్రమాదం అందులోనే ఉంది. జనుము గింజలు పెట్టకండి. పొలాల్లో పచ్చిరొట్టగా చల్లే జనుము వేరు, హెంప్ వేరు. జనుము చిక్కుడు కుటుంబం మొక్క, పసుపు పూలు పూస్తుంది. దాని గింజల్లో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లు ఉంటాయి. హెంప్ అంటే గంజాయి జాతి మొక్క, మత్తు పదార్థం తక్కువగా ఉండే రకం. నిఘంటువులు రెండింటికీ జనపనార అనే రాయడంతో వచ్చిన గందరగోళం ఇది.

ఇక సీసా సంగతి. హెంప్ నూనె అనే పేరు మీద రెండు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు. ఒకటి హెంప్ గింజల నూనె. అది వంటనూనె లాంటిది, మత్తుండదు, సీబీడీ (ఈ మొక్కలో ఉండే, మత్తెక్కించని పదార్థం, నొప్పులకని వాడేది) కూడా లేనట్టే. 2021లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) మనుషుల ఆహారంగా అనుమతించింది ఈ గింజల్నీ, నూనెనీ, పిండినీ. రెండోది మీరు కొన్నది. విజయ అంటే ఆయుర్వేదంలో భంగు. ఆకు నుంచి తీసిన సారం కాబట్టి సీబీడీతో పాటు మత్తెక్కించే టీహెచ్‌సీ కూడా ఉండొచ్చు, మన దేశపు భంగులో అదే ఎక్కువగా ఉండటమూ మామూలే. మీ బ్యాచ్ నంబరు చెప్పి ల్యాబ్ రిపోర్టు తెప్పించుకోండి. అది వచ్చేదాకా చుక్క కూడా వెయ్యొద్దు.

మెలాక్సికామ్ మోతాదు సరిగ్గానే ఉంది, కిలోకి 0.1 మి.గ్రా. లెక్క. ఒక జాగ్రత్త: మందుల షాపులో మనుషులకిచ్చే 15 మి.గ్రా. బిళ్ల ఇస్తే అది మీ కుక్కకి 5 రోజుల మోతాదు. సీబీడీ కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైములకి అడ్డుపడుతుంది, దాంతో మెలాక్సికామ్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచే అవకాశం ఉంది. రెండూ ఇవ్వాలంటే ముందు రక్తపరీక్ష చేయించాలి: కాలేయానికి ఏఎల్‌టీ, ఏఎల్‌పీ, మూత్రపిండాలకి క్రియాటినిన్. నాలుగు వారాలకి మళ్లీ చేయించాలి. సీబీడీ ఇచ్చిన కుక్కల్లో ఏఎల్‌పీ పెరగడం పరిశోధనల్లో పదేపదే కనబడింది. వాంతులైనా, తిండి మానేసినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా రెండూ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మందులకొట్టు_పర్లాకిమిడి

చుక్కల లెక్క నేను చెప్తాను. 900 మి.గ్రా. 30 మి.లీ.లో అంటే మి.లీ.కి 30 మి.గ్రా. మి.లీ.కి సుమారు 20 చుక్కలు, అంటే చుక్కకి 1.5 మి.గ్రా. 5 చుక్కలు 7.5 మి.గ్రా. కుక్కల కీళ్ల నొప్పుల మీద కార్నెల్ యూనివర్సిటీ 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఇచ్చింది కిలోకి 2 మి.గ్రా. సీబీడీ, 12 గంటలకోసారి. 30 కిలోలకి అది 60 మి.గ్రా. లేబుల్ చెప్పిన 5 చుక్కలు అందులో ఎనిమిదో వంతు. 60 మి.గ్రా. చొప్పున రెండు పూటలా ఇస్తే రోజుకి 4 మి.లీ. పోతుంది, సీసా ఏడున్నర రోజుల్లో ఖాళీ.

ఇదంతా ఆ 900 మొత్తం సీబీడీయే అయితేనే సుమా. కొందరు సారం బరువు మొత్తం వేస్తారు, కొందరు సీబీడీ, టీహెచ్‌సీ కలిపి వేస్తారు. రిపోర్టు లేకుండా ఆ అంకెకి విలువ లేదు. పదార్థాల జాబితా కూడా చదవండి. తీపి కోసం జైలిటాల్ వేసి ఉంటే కుక్కకి విషమే, కిలోకి 0.1 గ్రాముకే రక్తంలో చక్కెర పడిపోతుంది.

రాయగడ_లాబ్

రిపోర్టు పంపారు. సీబీడీ 1.6 శాతం, టీహెచ్‌సీ 1.6 శాతం. జైలిటాల్ లేదు. సీసం, కాడ్మియం పరీక్షల గడులు ఖాళీగా ఉన్నాయి.

మందులకొట్టు_పర్లాకిమిడి

అయితే గుట్టు తేలిపోయింది. 1.6 శాతం అంటే గ్రాముకి 16 మి.గ్రా. నూనె మి.లీ.కి 0.92 గ్రాము తూగుతుంది కాబట్టి మి.లీ.కి దాదాపు 15 మి.గ్రా. సీబీడీ, అంతే టీహెచ్‌సీ. రెండూ కలిపితే 30, అదే లేబుల్ మీది 900. ఇప్పుడు 60 మి.గ్రా. సీబీడీ అందాలంటే పూటకి 4 మి.లీ. పొయ్యాలి, దాంతో పాటు 60 మి.గ్రా. టీహెచ్‌సీ కూడా లోపలికి పోతుంది. కిలోకి 2 మి.గ్రా.! తక్కువ ఇస్తే కీళ్లకి పనిచెయ్యదు, పెంచితే కుక్క తూలిపోతుంది. భార లోహాల గడులు ఖాళీగా పెట్టినవాళ్ల సరుకు నేనైతే కొనమని చెప్పను. ఈ మొక్క నేలలోని కాడ్మియంని బాగా లాక్కుంటుంది.

పశువైద్యం_గుణుపురం

వాపసు పంపెయ్యండి. కాళ్లు అసలే బలహీనంగా ఉన్న ముసలి కుక్కకి 5 చుక్కలు కూడా వద్దంటాను. కుక్కల చిన్నమెదడులో టీహెచ్‌సీ పట్టుకునే గ్రాహకాలు చాలా ఎక్కువ, అందుకే మనిషికంటే వాటికి తూలు ఎక్కువ.

కుక్కలశిక్షణ_బరంపురం

దీనికి ఆనుకునే ఉన్న విషయం. కొండల మీంచి వచ్చే హష్ ఆయిల్ (గంజాయి నుంచి తీసే చిక్కటి నూనె) నొప్పులకి మంచిదని కొందరు అంటుంటారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం దాన్ని చరస్ (గంజాయి జిగురు) కిందే లెక్కగడుతుంది, పైగా అందులో టీహెచ్‌సీ ఎంతుందో ఎవరికీ తెలియదు. శివరాత్రి మర్నాడు భంగు ఉండలు, ఠండాయి గిన్నెలు కుక్కలకి అందేలా వదిలెయ్యడం కూడా మామూలే. పొరపాటున తింటే ఎలా గుర్తుపట్టాలో, ఏం చెయ్యాలో డాక్టరు గారు చెప్తే బాగుంటుంది.

పశువైద్యం_గుణుపురం

సాధారణంగా అరగంట నుంచి మూడు గంటల్లోపు బయటపడుతుంది. నిలబడి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, తల మీదికి చెయ్యి తెస్తే ఉలిక్కిపడుతుంది, తెలియకుండానే ఉచ్చ చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు భంగునే అనుమానించాలి. ఒళ్లు చల్లబడొచ్చు. మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారన్‌హీట్, 99 కంటే తగ్గితే దుప్పటి కప్పి వెంటనే బయల్దేరండి.

మజ్జిగ, చింతపండు పులుసు, నిమ్మరసం గొంతులో పొయ్యకండి. మత్తులో మింగడం రాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు, నెయ్యి అసలే వద్దు, కొవ్వుతో టీహెచ్‌సీ ఇంకా బాగా ఒంటికి పడుతుంది. వాంతికని ఉప్పునీళ్లు తాగిస్తే ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. చీకటి గదిలో, మెట్లు లేనిచోట పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చాలావరకు ఒకటి నుంచి మూడు రోజుల్లో తేరుకుంటాయి, లేవలేని వాటికి సెలైను పెట్టాలి.

డాక్టరుకి మాత్రం దాచకుండా చెప్పండి. కేసవుతుందన్న భయంతో "ఏమీ తినలేదు" అంటే మేము పురుగుమందు అనుకుని ఆ దారిన పోతాం. పురుగుమందయితే చొంగ ధారగా కారి కనుపాప సూదిమొనంత అవుతుంది, భంగుకి చాలాసార్లు కనుపాప విచ్చుకుంటుంది. మనుషుల మూత్రపరీక్ష స్ట్రిప్పు కుక్కల్లో తరచు తప్పు చూపిస్తుంది, కాబట్టి మీ మాటే మాకు ఆధారం.

రాయగడ_లాబ్

సీసా వాపసు పెట్టేశాం. మరి నూనె బదులు ఏం ఇవ్వమంటారు? హెంప్ గింజల నూనె పనికొస్తుందా?

పశువైద్యం_గుణుపురం

హాని లేదు, కీళ్లకి లాభమూ తక్కువే. అందులోని ఒమేగా-3ని కుక్క శరీరం కీళ్లకి పనికొచ్చే ఈపీఏ అనే రకంగా మార్చుకోవడం అంతంతమాత్రం. ఆ డబ్బు చేపనూనెకి పెట్టండి. చేపనూనెలోని ఒమేగా-3లు ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి రోజుకి 1,200 నుంచి 1,500 మి.గ్రా. మామూలు 1,000 మి.గ్రా. గుళికలో ఆ రెండూ కలిపి 300 మాత్రమే ఉంటాయి, కాబట్టి 4 లేదా 5 గుళికలు. రెండింటితో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. కాడ్ లివర్ ఆయిల్ కొనకండి, ఆ లెక్కకి ఏ, డీ విటమిన్లు మోతాదు మించుతాయి.

పక్కటెముకలు చేతికి తగలకపోతే అన్నం పావువంతు తగ్గించండి. కుక్క లేచే చోట టైల్స్ ఉంటే జారకుండా గోనెపట్టా పరిచి, అంచులు గచ్చుకి టేపుతో అతికించండి.