కడుపులో పైలోరి ఉంటే పెద్దపేగు క్యాన్సర్ వస్తుందా?

గోదారిగాలి:
ఎండోస్కోపీలో మా బాబాయికి కడుపులో హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. 14 రోజుల కోర్సు రాశారు. మంట తగ్గిందిగా, ఇంకా మాత్రలెందుకని ఆయన గొడవ. ఈలోగా మా బావ, ఇదే పెద్దపేగు క్యాన్సర్ కూడా తెస్తుందని వాట్సాప్‌లో పెట్టి ఇల్లంతా హడలగొట్టాడు. నిజమేనాండీ?

రెండోమాట:
కొట్టిపారేయలేమండీ. 2024లో అమెరికా మాజీ సైనికులు 8 లక్షల మందికి పైగా రికార్డులు చూశారు. పైలోరి ఉన్నవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. ఉండీ మందులు వాడనివాళ్లలో, వాడినవాళ్లకంటే 23 శాతం ఎక్కువ.

నిమ్మసోడా:
ఆ శాతాలు చూసి కంగారు పడకండి. వందలో 18 మందికి వస్తుందని కాదు. వెయ్యిమందిలో పదిమందికి వచ్చేది సుమారు పన్నెండు మందికి వస్తుంది, అంతే. పైగా చెప్పిన మందులు బుద్ధిగా వాడే మనిషి కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పెట్టి చూసే పరీక్ష) కూడా చేయించుకుంటాడు, ముందుముందు క్యాన్సర్‌గా మారగల పాలిప్ అనే కండపెరుగుదలని చిన్నగా ఉండగానే తీయించేసుకుంటాడు. ఆ తేడా బ్యాక్టీరియాదా, మనిషిదా?

రెండోమాట:
ఎలుకలు కొలనోస్కోపీకి వెళ్లవుగా! పేగులో గడ్డలు వచ్చే జన్యులోపమున్న ఎలుకలకి పైలోరి ఎక్కిస్తే గడ్డలు పెరిగాయని 2023లో జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు చూపించారు. క్రిమి ఉండేది కడుపులోనే, కానీ పేగులో వాపు పెరిగింది, పేగుని కాపాడే జిగురుపొరని తినే బ్యాక్టీరియా పెరిగింది. యాంటీబయాటిక్స్ ఇస్తే గడ్డలు తగ్గాయి. అల్సర్‌కి క్రిమి కారణమన్నా ఒకప్పుడు ఎవరూ నమ్మలేదు. 1984లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ తనే దాన్ని తాగి చూపించాల్సొచ్చింది.

నిమ్మసోడా:
తాగితే ఆయనకి వచ్చింది కడుపులో వాపు, పేగులో గడ్డ కాదు :) మీ ఎలుకలకేమో గడ్డలు పుట్టుకతోనే రాసిపెట్టి ఉన్నాయి. మన దేశంలో సగానికి పైగా జనం కడుపులో ఈ పురుగు ఉంది. అయినా పెద్దపేగు క్యాన్సర్ అమెరికాలోకంటే మనకి చాలా తక్కువ.

రెండోమాట:
తిండి వేరు, వయసులు వేరు. దేశానికీ దేశానికీ పోలిక పెట్టి తేల్చే సంగతి కాదిది.

మాత్రలడబ్బా:
మీ వాదనలో బాబాయిగారిని మర్చిపోయారు. పైలోరి కడుపు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే తేల్చింది. కోర్సు పూర్తిచేయడానికి ఆ ఒక్క కారణం చాలు, పేగు దాకా పోనక్కర్లేదు. సగంలో ఆపితే పురుగు మొండికేస్తుంది. దీనికి వాడే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగని రకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. కోర్సయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, గొట్టంలోకి ఊదే పరీక్ష చేయించండి. దానికి రెండు వారాల ముందు పాంటాప్రజోల్ లాంటి ఎసిడిటీ మాత్రలు డాక్టర్‌గారిని అడిగి ఆపాలి. లేదంటే ఉన్న పురుగు కూడా లేనట్టే చూపిస్తుంది.

గోదారిగాలి:
థ్యాంక్సండీ. నోట్లో ఇనుము నమిలినట్టుందని ఆయన సణుగుడు. ఇంతకీ కొలనోస్కోపీ అక్కర్లేదా?

మాత్రలడబ్బా:
ఆ రుచి ఈ మందులకి మామూలే, కోర్సయ్యాక పోతుంది. కొలనోస్కోపీ సంగతి పైలోరిని బట్టి కాదు. మలంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గుతున్నా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చినా డాక్టర్‌గారికి చెప్పండి.

రెండోమాట:
ఒప్పుకుంటా. కానీ లింకే లేదంటే మాత్రం ఒప్పుకోను.

నిమ్మసోడా:
లేదని నేనెప్పుడన్నాను? రుజువు కాలేదన్నాను. లాటరీ వేసినట్టు జనాన్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే మందులిచ్చి, ఏళ్ల తరబడి చూశాక పేగు క్యాన్సర్ తగ్గిందని చూపించండి. అప్పుడు మీ పక్షమే.