కమడోర్ పేరు మళ్లీ వచ్చింది: మన అభిమానం యంత్రం మీదా, పేరు మీదా?

గోదారిగట్టు:
నేను జర్మనీలో, బ్రౌన్‌ష్వైగ్‌లో ఉంటాను. ఒకప్పుడు కమడోర్ కంప్యూటర్లు తయారైన ఊరు ఇది. మా కింది వాటాలో ఉండే పెద్దాయన దగ్గర కమడోర్ వాళ్ల అమిగా కంప్యూటర్లు రెండున్నాయి: అమిగా 500 ఒకటి, అమిగా 1200 ఒకటి. రెండూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి.

కమడోర్ 1994 ఏప్రిల్‌లో దివాలా తీసింది. అప్పటి నుంచి ఆ పేరు చేతులు మారుతూనే ఉంది. ఎస్కామ్ అనే జర్మన్ కంపెనీ కొంది, అదీ మునిగింది. కమడోర్ పేరు టులిప్ అనే కంపెనీకి, అమిగా గేట్‌వే అనే కంపెనీకి పోయాయి. చివరికి 2025లో క్రిస్టియన్ సింప్సన్ అనే యూట్యూబర్ మరికొందరితో కలిసి కమడోర్ పేరు కొని, ‘కమడోర్ 64 అల్టిమేట్’ ప్రకటించారు. చూడ్డానికి అచ్చం 1982 నాటి కమడోర్ 64 డబ్బాయే. ప్రకటించినప్పుడు ధర సుమారు 300 డాలర్లు. పెద్దాయన ఆ వార్త చూసిన రోజే బుక్ చేశాడు.

ఆఫీసులో ఈ మాట చెబితే పిచ్చి అని కొట్టిపారేశారు. నాకలా అనిపించలేదు. మూతపడి 30 ఏళ్లు దాటిన కంపెనీ మీద ఇంత ప్రేమ సరైనదేనా? మీరేమంటారు?

లెక్కలపంతులు:
నేను ఒప్పుకోను. అమిగాని చంపింది ఎవరు? కమడోర్ యాజమాన్యమే.

1985లో ఆ యంత్రం ఎంత ముందుందో గుర్తు తెచ్చుకోండి. 4096 రంగులు, నాలుగు చానెళ్ల స్టీరియో సౌండు, ఒకేసారి నాలుగైదు ప్రోగ్రాములు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. అప్పటి మామూలు పీసీకి బీప్ అనడం తప్ప ఇంకో శబ్దం రాదు. అంత ఆధిక్యం చేతిలో ఉండి ఏం చేశారు? 1992 చివర్లో అమిగా 1200 తెచ్చినప్పుడు కూడా అందులో సౌండు చిప్ 1985 నాటి ‘పౌలా’యే. ఈలోపు పీసీలకి సౌండు కార్డులు, మంచి రంగులు చూపే వీజీఏ వచ్చేశాయి.

అసలు అమిగా కమడోర్‌లో పుట్టలేదు కూడా. జే మైనర్ అనే ఇంజినీరు బృందం వేరే చిన్న కంపెనీగా తయారుచేస్తుంటే 1984లో కొనుక్కున్నారు. ఆ తర్వాత పేరు హక్కుల కోసం ఏళ్ల తరబడి కోర్టు కేసులు. అభిమానులు పెట్టే డబ్బు మీద ఆశ లేకపోతే ఆ పేరు కోసం ఎవరైనా కొట్టుకునేవారా? దండ వేయాలంటే ఇంజినీర్లకి వేయండి. ఆ ఆటలు ఆడుకోవాలంటే, ఇప్పటి కంప్యూటర్‌ని పాత యంత్రంలా నడిపించే ఎమ్యులేటర్ ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది.

గోదారిగట్టు:
పంతులుగారూ, యాజమాన్యం గురించి మీరన్నది అక్షరాలా నిజం. కానీ అభిమానులు ఏం చేస్తారో నేను దగ్గర నుంచి చూశాను.

పోయిన చలికాలం మా పెద్దాయన తన అమిగా 1200కి ఒకవైపు సౌండు సన్నగా వస్తోందని వంటింటి బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి విప్పాడు. బోర్డు మీద కందిగింజంత కెపాసిటర్లు, అంటే కరెంటుని కాసేపు దాచుకునే భాగాలు. ఆ మోడల్‌లో అవి కారిపోవడం అందరికీ తెలిసిన జబ్బు. లోపలి ద్రవం బోర్డు మీదికి దిగి రాగి గీతల్ని తినేస్తుంది. సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే ఇల్లంతా నీచు వాసన, చేపలు కడిగిన నీళ్లలాగా. ఆ వాసన వచ్చిందంటే కెపాసిటర్ కారినట్టేనట. కింద చిలుము పట్టిన రాగి. ఇయర్‌బడ్‌ని ఆల్కహాల్‌లో ముంచి, పసిపిల్లాడి చెవి తుడిచినంత మెల్లగా తుడిచాడు. ఒక్కోదానికి పావుగంట. పక్కన సర్క్యూట్ బొమ్మ జెరాక్స్, దాని నిండా పెన్సిల్ రాతలు. ఏ కెపాసిటర్ ఎంత విలువ, ఏ బోర్డులో ప్లస్ గుర్తు తప్పుగా ముద్రించారు, అన్నీ తనలాంటివాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నవే.

కంపెనీ ఉంటే సర్వీస్ సెంటర్ చేసే పని అది. కంపెనీ పోయాక వీళ్లు చేస్తున్నారు. కమడోర్ యజమానుల పేర్లు ఆయనకి గుర్తున్నాయో లేదో గాని, అమిగా 1000 మూత లోపల ఆ బృందం సంతకాలు, జే మైనర్ పెంచుకున్న కుక్క మిచ్చి పాదం గుర్తు అచ్చుపోసి ఉంటాయని మాత్రం నాకు మూడుసార్లు చెప్పాడు.

వానచినుకు:
నేను అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి. ఈ పిచ్చి వల్ల ఏం మిగిలిందో మా ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. 1985 జులైలో న్యూయార్క్‌లో అమిగాని విడుదల చేసినప్పుడు చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేదిక మీద దాంతోనే గాయని డెబ్బీ హ్యారీ బొమ్మ వేశాడు. ఆయన ఇంకా చాలా బొమ్మలు వేసి ఫ్లాపీల్లో దాచుకున్నాడు. ఆ ఫ్లాపీలు ఇక్కడి వార్హోల్ మ్యూజియంలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. 2014లో వాటిని చదివి బొమ్మలు బయటికి తీసింది కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ క్లబ్బు వాళ్లు. పాత యంత్రాల మీద ఇష్టంతో ఆ విద్య కాపాడుకున్నవాళ్లే లేకపోతే ఆ ఫ్లాపీలు ఉత్త ప్లాస్టిక్ ముక్కలు.

లెక్కలపంతులు:
వానచినుకు గారూ, మంచి ఉదాహరణ. అయితే ఆ క్లబ్బు వాళ్లకి కమడోర్ ముద్రతో పనేముంది? యంత్రం తెలిసుండాలి, అంతే. నేననేది కూడా అదే. కొత్త డబ్బాలో పాత చిప్పులు లేవు, వాటిలా పనిచేసేలా అమర్చుకోగల ఎఫ్‌పీజీఏ అనే చిప్ ఉంది. అది బాగా పనిచేస్తుందనే విన్నాను. కానీ 300 డాలర్లలో పేరుకి ఎంత, పనికి ఎంత అని అడగాలి కదా.

చార్మినార్‌క్యాసెట్:
పెద్దలు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నాను. నేను హైదరాబాద్. మనకి కమడోర్ పెద్దగా తెలియదు. మా బడికి వచ్చింది బీబీసీ మైక్రో. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అని బడుల్లో కంప్యూటర్ పథకం పెట్టింది. బ్రిటన్ కంపెనీ ఎకార్న్ తయారుచేసిన యంత్రం అది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడిలో రెండు దిగాయి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం.

ఏళ్ల తర్వాత ఏదో పని మీద బడికి వెళ్లి, అవి ఏమయ్యాయని అడిగితే, గది ఖాళీ చేసేటప్పుడు పాత ఇనుముతో పాటు తూకానికి వేసేశామన్నారు. చెప్పినాయన మొహంలో బాధేమీ లేదు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. మీరు జర్మనీలో, అమెరికాలో అభిమానం ఎక్కువైందా అని వాదించుకుంటున్నారు. అది లేకపోతే ఎలా ఉంటుందో మా బడిలో చూశాను. ఎకార్న్ పేరు ఎవరైనా కొని బీబీసీ మైక్రో మళ్లీ అమ్మితే, లోపల ఏ చిప్ ఉందని కూడా అడగకుండా కొంటాను.

నా దగ్గర మిగిలింది ఒకే ఒక క్యాసెట్. మా సైన్స్ మాస్టారు రాసిన ప్రోగ్రాం. చుక్కలు పెట్టి ముగ్గు గీసేది. లేబుల్ మీద ఆయన చేతిరాతతోనే ‘ముగ్గు 2’ అని ఉంది. మాస్టారు ఇప్పుడు లేరు.

లెక్కలపంతులు:
అన్నా, పేరు సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ క్యాసెట్ గురించి చెప్పండి. ఇంకా ఎక్కడా ప్లే చేయలేదు కదా? చేయకండి. మొదట టేప్ రికార్డర్ హెడ్ ఆల్కహాల్‌తో తుడవండి. క్యాసెట్‌ని చివరిదాకా ఒకసారి తిప్పి వెనక్కి తెండి, చుట్లు వదులవుతాయి. తర్వాత ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి లాప్‌టాప్‌కి వైరు పెట్టి, ఒక్కసారే ప్లే చేసి రికార్డ్ చేయండి. వేవ్ (WAV) ఫైలుగానే, 44,100 హెర్ట్జ్‌లో. ఎంపీ3 అసలు వద్దు, కుదించేటప్పుడు డేటా పాడయ్యే ప్రమాదముంది. వాల్యూమ్ మరీ పెంచకండి. బీబీసీ టేప్ మామూలుగా 1200 బాడ్, అంటే సెకనుకి 1200 బిట్ల వేగమే, కాబట్టి కొద్దిగా సాగినా చదివే ఆశ ఉంది. ఫైలు నాకు పంపండి. రాత్రికి కూర్చుని ఎమ్యులేటర్‌లోకి ఎక్కించి చూస్తాను. అచ్చంగా రాకపోతే ఒక్కో బైటూ చేత్తో సరిచేద్దాం.

గోదారిగట్టు:
పెద్దాయన్ని కూడా అడుగుతాను. బీబీసీ టేపులు చదివిన స్నేహితులు ఆయనకి ఎవరైనా ఉండొచ్చు.

చార్మినార్‌క్యాసెట్:
టేప్ రికార్డర్ తీశాను. బెల్టు సాగిపోయి చక్రం తిరగట్లేదు. రేపు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి బెల్టు వెతుకుతాను. క్యాసెట్ ముట్టుకోను.