రఘుబీర్ సింగ్ రంగులు: చూపు గొప్పదా, ఫిల్మ్ గొప్పదా?

(ఫొటోలు తీసేటోళ్ల గ్రూపుల మారు పేర్లతో నడిచిన వాదన)

గడియారం చౌరస్తా:
మన నల్లగొండ, పాలమూరు గ్రూపులల్ల బతుకమ్మ ఫొటోలు చూస్తున్నరు గదా. "కొడాక్రోమ్ ప్రీసెట్" (పాత ఫిల్మ్ రంగులు తెచ్చే రెడీమేడ్ సెట్టింగ్) వేసుడు, తంగేడు పువ్వును హైలైటర్ పెన్ను లెక్క చేసుడు, కింద "రఘుబీర్ సింగ్ స్టైల్" అని రాసుడు. నా మాట సూటిగ చెప్త. జైపూర్‌ల పుట్టిన ఆ ఫొటోగ్రాఫర్ (1942–1999) పేరు నిలబడ్డది సగం కొడాక్రోమ్ ఫిల్మ్ వల్లనే. దాని తయారీ 2009ల బంద్ అయింది, 2010 ఆఖరుకు కడిగే ల్యాబ్ కూడా ఆగిపోయింది. ఇగ ఆయన దగ్గర నేర్చుకునేది ఏమున్నది?

స్లైడు డబ్బా:
మస్తున్నది అన్నా. ఫిల్మే గొప్పదైతే అదే రీలు కొన్న టూరిస్టులందరు రఘుబీర్ సింగులు కావాలె.

కొడాక్రోమ్ మహా మొండిది. ఆ ఫిల్మ్‌ల రంగే ఉండదు. మూడు నలుపు తెలుపు పొరలుంటయి, కడిగేటప్పుడు ఒక్కో పొరకు ఒక్కో రంగు ఎక్కిస్తరు. ఇంట్ల డార్క్‌రూమ్‌ల అయ్యే పని కాదు. పైగా స్లైడు, అంటే కడిగిన ఫిల్మే ఆఖరి బొమ్మ, తర్వాత సవరించేది లేదు. వెలుగు ఒక్క స్టాప్ (అంటే రెండింతలు) ఎక్కువ పడితే తెల్ల ధోతి సున్నం గోడ అయితది, తక్కువ పడితే నీడలు బొగ్గు. ఎర్రటి ఎండల షట్టర్ 1/250 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్/8. చెట్టు నీడకు పోతే 1/60, ఎఫ్/5.6 – నడిచే మనిషి కాళ్లు అప్పుడే చెదురుతయి. గసొంటి ఫిల్మ్‌లు పట్టుకొని 1967ల ముంగేర్‌ల వానల తడుస్తున్న ఆడవాళ్లను తీసిండు.

ఇగ కూర్పు చూడు. 1991 నాటి హౌరా అద్దాల దుకాణం ఫొటో: అద్దంల ఒక వీధి, అద్దం పక్కన ఇంకో వీధి. అంబాసిడర్ కారు ఫొటోలల్ల తలుపు, కిటికీ కలిసి ఒక్క దృశ్యాన్ని మూడు నాలుగు గదులు చేస్తయి. అసొంటి కూర్పు ప్రీసెట్ల దొరుకుతదా?

నల్ల గొంగడి:
కూర్పు సంగతి ఒప్పుకుంట. ఆయన సిద్ధాంతమే నాకు మింగుడు పడదు. 1998 నాటి తన పుస్తకం 'రివర్ ఆఫ్ కలర్'ల ఏమంటడు? నలుపు మీది మమకారం పాశ్చాత్యులది, భారతీయుల చూపే రంగుల చూపు అని. మరి పెద్దగట్టు జాతరకు గొంగడి కప్పుకొని వచ్చే గొల్లాయనది ఏ దేశం?

"రంగుకు ఆద్యుడు" అనుడు కూడా జాగ్రత్తగ అనాలె. అమెరికా ఫొటోగ్రాఫర్ సాల్ లైటర్ న్యూయార్క్ వీధులల్ల 1940లల్లనే రంగుల తీసిండు. అయితే ఇంకో అమెరికా ఫొటోగ్రాఫర్ ఎగల్‌స్టన్ 1976ల న్యూయార్క్ మోమా మ్యూజియంల పెట్టిన రంగుల ప్రదర్శనతోనే అంతా మొదలైందనేటోళ్లది ఇంకా తప్పు. రఘుబీర్ గంగ పుస్తకం 1974లనే వచ్చింది.

స్లైడు డబ్బా:
గొంగడి మంచి ఉదాహరణ, కానీ నా దిక్కే పనిచేస్తది. పాత గొంగడిని ఎండల దగ్గరగ చూడు: మడతల లోపల నలుపు, భుజం మీద మాసి గోధుమ ఛాయ. నలుపు తెలుపు ఫొటోల ఆ తేడా ఉత్త బూడిద అయితది. సిద్ధాంతం అతి అనుకో, కన్ను అబద్ధం కాదు.

పానగల్లు గట్టు:
గొడవ మీరు పెట్టుకోండ్రి, పండుగ నాటికి పనికొచ్చేది నేను చెప్త.

బంతి, తంగేడు ఎండల ఉంటే ముందు పగిలేది (హద్దు దాటి వివరం పోయేది) ఎరుపు ఛానెల్. మామూలు హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుగు గ్రాఫ్) బాగనే కనిపిస్తది, ఇంటికొచ్చి చూస్తే రేకుల గీతలు పోయి పసుపు ముద్ద మిగులుతది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగ చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టి, ఎరుపు కుడి గోడకు తగలకుండ 1/3 నుంచి 2/3 స్టాప్ తగ్గించండ్రి. రా ఫైల్ (కెమెరా సవరించని ముడి ఫైల్) తప్పనిసరి. వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగ చూపే రంగుల సర్దుబాటు) ఆటోల వద్దు. గులాబీ రంగు అద్దిన గునుగు ఫ్రేము నిండితే కెమెరా ముఖాలను ఆకుపచ్చగ చేస్తది. పగలు 5500 కెల్విన్ దగ్గర కట్టేయండ్రి.

ఫుల్ ఫ్రేమ్‌ల 35 ఎంఎం లెన్సు, ఎఫ్/8, ఫోకస్ 3 మీటర్లు: సుమారు 2 నుంచి 7 మీటర్ల దాక సాఫ్‌గ వస్తది. ఫోకస్ యాది మరిచి ఫ్రేము అంచులు చూసుకోవచ్చు. పొద్దుగూకినంక ఎల్ఈడీ లైట్ల కింద 1/250 పెడితే అడ్డ చారలు పడుతయి; మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే 1/100 లేదా 1/50.

ఫోన్‌ల అయితే హెచ్‌డీఆర్ (వెలుగు నీడలను సమం చేసే సెట్టింగ్) బంద్ చేయండ్రి. అది నీడలన్నీ లేపి ముందు మనిషిని, వెనక మనిషిని ఒక్క గోడకు అతికిస్తది.

గడియారం చౌరస్తా:
ఆఖరి ముక్క బాగుంది తమ్మీ. ఫిల్మ్ సగమన్న మాట పావుకు దించుకుంట. అంతకు మించి దిగ, ఎందుకంటే నీ లెక్కలన్ని ఆ మొండి ఫిల్మ్ నేర్పిన క్రమశిక్షణే గదా.

నల్ల గొంగడి:
పావు ఒప్పుకున్నవు, చాలు. గొంగడి సంగతి మాత్రం నేను ఇంక ఇడువలే.